ఆళ్లగడ్డ అన్నదమ్ముల పాత అడ్రసు

ఈ పనిలోకి కొత్తగా వచ్చేవాళ్లకు ముందే ఒక మాట చెబుతున్నాను. మీరు ఏం చేస్తారో మీ ఇంట్లోవాళ్లకు కూడా ఎప్పటికీ అర్థం కాదు. నేను నంద్యాలలో ఇరవై ఎనిమిదేళ్లు సర్వర్లు చూసుకున్నాను. మా ఆడబిడ్డ ఇప్పటికీ చుట్టాలకు నన్ను "కంప్యూటర్లు రిపేరు చేస్తాది" అని పరిచయం చేస్తుంది. ప్రింటరులో కాగితం ఇరుక్కుంటే నాకే ఫోను. సెల్లులో పాటలు రాకపోతే నాకే ఫోను. పోయిన ఏడాది ఆఫీసు మూసి ఇంట్లో కూర్చున్నా ఆ ఫోన్లు మాత్రం రిటైరు కాలేదు.

నిజానికి నేను చేసినదాంట్లో సగం రీడైరెక్టుల పని. అంగడి ఒక వీధి నుంచి ఇంకో వీధికి మారితే పాత షట్టరు మీద చీటీ అంటిస్తారు కదా, ఫలానా చోటికి మారాము అని. వెబ్‌సైటుకు ఆ చీటీయే రీడైరెక్టు. సర్వరులో కాన్ఫిగ్ ఫైలు అని ఒకటుంటుంది. ఈ అడ్రసుకు వచ్చినవాణ్ణి ఆ అడ్రసుకు పంపు అని దాంట్లో ఒక వరుస రాస్తాం. ఒక్కటే వరుస. కూర్చుని రాస్తే నిమిషం పట్టదు. అది తప్పితే ఎక్కడ తప్పిందో వెతకడానికి మూడు రోజులు పడుతుంది, ఆ మూడు రోజులూ ఊరంతా మనల్ని తిడుతుంది.

ప్రమోషన్ల సంగతి, సర్టిఫికెట్ల సంగతి మీకు వేరేవాళ్లు చెబుతారు. నేను నాకు బుద్ధి వచ్చిన సంగతులు మాత్రం రాస్తాను. ఎక్కువ లేవు.

ఇంకా తాళంచెవి ఎవరి దగ్గర ఉంది

నా మొదటి ఉద్యోగం ఒక ప్రైవేటు కాలేజీ కంప్యూటర్ సెంటరులో. అక్కడ నాకు పైన మస్తాన్ సార్ ఉండేవారు. అంతకుముందు ఆయనకు రేడియోలు, టేపురికార్డర్లు బాగుచేసే అంగడి ఉండేది. మాట తక్కువ, ఇంగ్లీషు ఇంకా తక్కువ. కానీ ఏ వస్తువు చెడినా ఎక్కడ చెడిందో చూడందే స్క్రూ విప్పేవారు కాదు. ఈ పనికి కావలసిన చదువు అదే. మిగతాది ఎవరైనా నేర్చుకోవచ్చు.

ఒక ఏడాది రిజల్ట్స్ పెట్టిన రోజున సైటు ఎవరికీ తెరుచుకోలేదు. తెర మీద ఒకటే మాట, దారి మళ్లింపులు ఎక్కువైపోయాయని. పిల్లలు వచ్చి గది ముందర నిలబడ్డారు. అడ్రసు ముందు మూడు డబ్ల్యూలు లేకుండా వచ్చినవాళ్లను డబ్ల్యూలు ఉన్న అడ్రసుకు పంపమని అంతకు ముందురోజే నేను ఫైలులో రాశాను. ఆ వరుస ఇరవైసార్లు చదివాను. తప్పు లేదు. తీసి మళ్లీ రాశాను. అదే తిరుగుడు. ఇంటర్నెట్టుదే తప్పన్నాను, సర్వరుదే తప్పన్నాను, గట్టిగా అంటే ఏడుపు వచ్చేట్టు ఉన్నాను.

మస్తాన్ సార్ నా వెనక నిలబడి అడిగారు. "ఈ మాట ఎన్నిచోట్ల రాసినారమ్మా?"

"ఒక్కచోటే సార్."

"నువ్వు రాసింది ఒక్కచోట. ఇంకా తాళంచెవి ఎవురి కాడ ఉండాది?"

సర్వరు అద్దెకిచ్చిన కంపెనీ కుర్రవాడి దగ్గర ఉంది. ఆ మహానుభావుడు, తన కంట్రోల్ ప్యానెల్లో, డబ్ల్యూలతో వచ్చినవాళ్లను డబ్ల్యూలు లేని అడ్రసుకు పంపమని రాసిపెట్టాడు. నేను ఇటు తోస్తే అతను అటు తోస్తున్నాడు, నడుమ పిల్లల రిజల్ట్స్. నాకు చెప్పాలని అతనికి తోచలేదు. అడగాలని నాకూ తోచలేదనుకోండి. ఒక ఫైలు పట్టుకుని ఇరవైసార్లు చదవడం శ్రద్ధ కాదు, మొండితనం. అది ఆ రోజు తెలిసింది.

కరస్పాండెంటుగారి నమస్కారం

అదే కాలేజీ కరస్పాండెంటుగారు ఒకరోజు పిలిపించి, మన సైటులో "పేజీ దొరకలేదు" అని రావడం అశుభమనీ, దొరకని పేజీలన్నీ హోం పేజీకి పోయేట్టు చెయ్యమనీ చెప్పారు. వద్దన్నాను. దొరకలేదని చెప్పడం కూడా ఒక జవాబేనండీ అన్నాను. "మీరు చెయ్యండమ్మా" అన్నారు. చేశాను.

పరీక్షల ముందర హాల్ టికెట్ల పేజీ అడ్రసు ఎవరో మార్చారు. మార్చినట్టు మాకు చెప్పలేదు. పిల్లలు హాల్ టికెట్ అని నొక్కితే హోం పేజీలో చేతులు జోడించిన కరస్పాండెంటుగారి నిలువెత్తు ఫొటో. మళ్లీ నొక్కితే మళ్లీ నమస్కారం. సైటు కనబడుతూనే ఉంది కాబట్టి చెడిందని ఎవరూ మాకు చెప్పలేదు, తమకే చేతకావడం లేదనుకున్నారు. ఆత్మకూరు నుంచి ఒక పిల్ల రెండు బస్సులు మారి వచ్చి ఆ సంగతి చెబితే తప్ప మాకు తెలియలేదు. అన్నీ తెలిసినట్టు పని చెప్పే బాసు దగ్గర మీరు పడితే, వద్దని రెండుసార్లు చెప్పండి. నేను ఒకసారే చెప్పాను.

ఇవన్నీ ఇంకొకరి మీదికి తోసెయ్యగలిగిన తప్పులు. ఇక నా ఒక్కదాని తప్పు చెబుతాను.

బోరు మోటారు వంతు

కాలేజీ మానేసి సొంతంగా ఆఫీసు పెట్టుకున్నాక, ఆళ్లగడ్డలో విగ్రహాలు చెక్కే అన్నదమ్ములకు ఒక సైటు చేసిపెట్టాను. అన్న వీరాచారి, తమ్ముడు నాగాచారి. వీరాచారి కొలతల్లో దిట్ట. ఎంత పెద్ద రాయైనా నిలబెట్టి, లెక్క తప్పకుండా ఒళ్లు తీస్తాడు. నాగాచారి మొహాలు చెక్కుతాడు. ఆ కళ్లు తీర్చడం ఆయనకు తప్ప ఆ షెడ్డులో ఇంకెవరికీ రాదు. విజిటింగ్ కార్డుల మీద, క్యాలెండర్ల మీద ఆ సైటు అడ్రసే వేయించుకున్నారు. చుట్టుపక్కల ఊళ్ల గుడి కమిటీలన్నీ ఫోనులో దాన్నే తెరిచి ఫొటోలు చూసి ఆర్డర్లు ఇచ్చేవి.

కొన్నాళ్లకు ఇద్దరూ విడిపోయారు. ఎందుకని నేను అడగలేదు. ఉన్న షెడ్డు అన్నకు పోయింది, అదే రోడ్డులో తమ్ముడు వేరే షెడ్డు వేసుకున్నాడు. ఎవరి కొత్త సైటు వాళ్లకు చేశాను. చిక్కంతా పాత అడ్రసుతో వచ్చింది. అందరికీ తెలిసింది అదే. నాకంటే నాకన్నారు. ఇద్దరి పేర్లతో ఒక పేజీ పెడతానంటే, వాడి పక్కన నా పేరు వద్దని ఇద్దరూ ఒక్కమాటగా చెప్పారు. వాళ్లు ఏకమైన సంగతి అదొక్కటే.

చివరికి శిరివెళ్లలో సేద్యం చేసుకునే వాళ్ల మేనమామ పంచాయితీ చేశాడు. ఆయన పొలంలో ముగ్గురికి కలిపి ఒకటే బోరు. నీళ్లు వంతుల ప్రకారం పారించుకుంటారు. ఆయన ఈ అడ్రసును కూడా అట్లాగే చూశాడు.

"దీనికింత గలాటా ఏందప్పా? బోరు మాదిరే వంతు ఏసుకోండి. ఒక నెల పెద్దోనికి, ఒక నెల చిన్నోనికి. మోటారు తిప్పేది ఈ మేడమ్."

వినగానే నవ్వొచ్చింది కానీ న్యాయంగానే తోచింది. నెల మొదటి తారీకున ఫైలు తెరిచి ఒక వరుస మార్చడమే కదా నా పని. ఒప్పుకున్నాను. మొదటి నెల వంతు వీరాచారిది.

ఇక్కడే నా చెయ్యి తప్పింది. రీడైరెక్టులు రెండు రకాలు. ఒకటి తాత్కాలికం, ఇంకొకటి శాశ్వతం. తాత్కాలికమని రాస్తే జనాల ఫోను ప్రతిసారీ మన సర్వరు దగ్గరికి వచ్చి, ఈరోజు ఎక్కడికి పోవాలని అడుగుతుంది. శాశ్వతమని రాస్తే ఒక్కసారి అడిగి గుర్తుపెట్టుకుంటుంది, మళ్లీ మన గడప తొక్కదు. నెలనెలా మారే వంతుకు ఏది రాయాలో చిన్నపిల్లను అడిగినా చెబుతుంది. నేను శాశ్వతమని రాశాను. ఇరవై ఏళ్లుగా అంగళ్లు మారినప్పుడల్లా అదే రాసి రాసి చెయ్యి దానంతట అదే రాసేసింది. నేను చూడలేదు.

విడిపోయిన సంగతి విని పాత కమిటీలవాళ్లంతా ఏం జరిగిందోనని ఆ మొదటి నెలలోనే సైటు తెరిచి చూశారు. వాళ్ల ఫోన్లన్నీ వీరాచారిని గుర్తుపెట్టేసుకున్నాయి.

నా దగ్గర బాగానే వస్తోంది

రెండో నెల మొదటి తారీకున వరుస మార్చాను. నాలుగో తారీకున నాగాచారి ఫోను.

"ఏంది మేడమ్, నా నెలలో గూడా మా అన్న సైటే వస్తాంది?"

"నీ ఫోనులో హిస్టరీ ఉంటాది, అది తుడిచెయ్ నాగా."

తుడిచాడు. అతని సైటే వచ్చింది. "చూసినావా, తప్పు నీ ఫోనుది" అని చెప్పి పెట్టేశాను. ఆ మాట అన్నది నేనే. అతను హిస్టరీ తుడిచాడు సరే, కమిటీలవాళ్ల ఫోన్లు ఎవరు తుడుస్తారు అన్న ఆలోచన ఆ పూట నాకు రాలేదు.

మళ్లీ అతని వంతు వచ్చిన నెలలో ఇంకో ఫోను. ఒక్కరూ రావడం లేదని. నేను కంప్యూటరులో పాతవేవీ గుర్తుపెట్టుకోని ప్రైవేటు విండో తెరిచి చూశాను. చక్కగా నాగాచారి సైటు. "నా కాడ బాగానే వస్తాంది" అన్నాను. ఎవరెవరు వచ్చిపోయారో సర్వరు రాసుకునే లాగ్ ఫైలులో, పాత అడ్రసుకు వచ్చేవాళ్లు నెలనెలా తగ్గిపోవడం కనబడుతూనే ఉంది. విగ్రహాల బేరాలు లేని కాలమేమో అనుకున్నాను. వాళ్లు మన దగ్గరికి రాకుండానే నేరుగా వెళ్లిపోతున్నారని అనుకోలేదు.

మూడోసారి అతను మాట తిప్పకుండా అడిగాడు. "మా అన్న నీకేమన్నా చెప్పినాడా మేడమ్?"

నాకు ఒళ్లు మండింది. "నేనట్లాంటిదాన్నైతే ఈ ఊర్లో ఇన్నేండ్లు నన్ను ఉండనిస్తారా? నీకు పనులు రాకపోతే నా ఫైలేం చేస్తాది?" అని కడిగేశాను. అతను ఫోను పెట్టేశాడు.

నాలుగోసారి ఫోనులో చాలా నెమ్మదిగా మాట్లాడాడు. "నా సైటు తీసేయ్ మేడమ్. షెడ్డు మూస్తాండా. గ్రానైటు పాలిషింగు కాడ పనుంది, వంటింటి బండలు కోసేది. సోమారం నుంచి పోతా."

అప్పటికీ నేను తప్పు చేశానని అనుకోలేదు. కానీ కళ్లు తీర్చే చెయ్యి వంటింటి బండలు కోయడానికి పోతుందంటే మనసు ఊరుకోలేదు. ఆదివారం పొద్దున్నే ఆళ్లగడ్డ బస్సు ఎక్కాను.

కోయిలకుంట్ల ఆయన ఫోను

షెడ్డు ముందర సగం చెక్కిన రాళ్లు మూడు ఉన్నాయి. నాగాచారి నాకు కుర్చీ వేశాడు. వాళ్లావిడ మంచినీళ్లు తెచ్చి, అక్కడే నిలబడి నన్నే చూస్తోంది. నేనేదో లాగ్ ఫైలు లెక్కల గురించి మొదలుపెట్టాను. అంతలో ఒక పెద్దాయన బండి ఆపి దిగాడు. కోయిలకుంట్ల దగ్గరి ఒక ఊళ్లో గుడి కమిటీ పెద్ద.

"ఏమప్పా నాగా, ఈడనే ఉండావే. పని మానేసినావని అనుకుంటిమి."

"ఎవురు చెప్పినారు?"

"ఎవురూ చెప్పల్యా. మీ సైటు ఎప్పుడు నొక్కినా మీ అన్నదే వస్తాంది. నీ పేరే ల్యా. రెండు మూడు నెలలు చూస్తిమి. ఇంగ చిన్నాయప్ప ల్యాడులే అని అమ్మవారి పని మీ అన్నకే ఇస్తిమి. మొహం మాత్రం నువ్వే చేయాలని మావోళ్ల కోరిక. నిన్ను ఈడ చూసి, వచ్చి చేసిపోతావేమో అడుగుదామని ఆగినా."

అది నాగాచారి వంతు నెల. "ఏదప్పా, ఒకసారి మీ ఫోను చూపించండి" అన్నాను. ఆయన నొక్కాడు. వీరాచారి సైటు. అంతవరకు ఆ అడ్రసు తెరవని నా ఫోనులో నొక్కాను. నాగాచారి సైటు. అదే అడ్రసు, అదే నిమిషం, రెండు ఫోన్లలో ఇద్దరు అన్నదమ్ములు. నా ఫోను నుంచే కాన్ఫిగ్ ఫైలు తెరిచాను. శాశ్వతం. నా చేతి రాత.

ఏం జరిగిందో అక్కడే, ముగ్గురి ముందరా చెప్పాను. ఆ పెద్దాయనకు సగం అర్థమైంది. నాగాచారికి పూర్తిగా అర్థమైంది.

"నేను మూడు తూర్లు చెప్తి మేడమ్," అన్నాడు. గొంతు పెంచలేదు. "నా ఫోను తప్పంటివి. నన్నే తప్పంటివి. నీ మాట నమ్మి, మా అన్నే దొంగతనం చేస్తాండాడని ఊరంతా చెప్పుకుంటి. ఆయన ఎదురుపడితే మొహం తిప్పుకుంటి."

క్షమించమని అడిగాను. వాళ్లావిడ ఖాళీ గ్లాసు తీసుకుని లోపలికి వెళ్లిపోయింది.

నా ఫైలు చేతిలో లేని పని

సరిదిద్దడం ఎట్లాగో అక్కడే కూర్చుని ఆలోచించాను. నా ఫైలులో ఇప్పుడు ఏం రాసినా లాభం లేదు. ఆ ఫోన్లు నా సర్వరును అడగడం మానేశాయి, నేరుగా వీరాచారి సైటుకు పోతున్నాయి. వాళ్లను వెనక్కి పంపాలంటే వీరాచారి సైటే పంపాలి. ఆయన తన గుమ్మంలోనే తమ్ముడి పేరు పెట్టుకుంటేనే జరుగుతుంది. ఆయన వద్దంటే నాకు వేరే దారి లేదు, నాగాచారికి అసలే లేదు.

అదే రోడ్డులో రెండు ఫర్లాంగులు నడిచి వీరాచారి షెడ్డుకు పోయాను. అమ్మవారి విగ్రహం నిలబెట్టి ఉంది. ఒళ్లంతా పూర్తయింది, చీర మడతలతో సహా. మొహం మాత్రం ఉత్త రాయి. నేను చేసిన తప్పంతా చెప్పాను. ఆయన గ్రైండరు ఆపి విన్నాడు.

"వాని నెలలో గూడా నాకే వస్తాండారని నాకు తెలుసు," అన్నాడు.

"మరి నాకు చెప్పొద్దా అన్నా?"

"నువ్వే కదా తిప్పేది. నీకు తెలిసే ఉంటాదనుకుంటి. కోయిలకుంట్లోళ్లు వాడు యాడ అని అడిగినారు. నేను మాట మార్చినా." దుమ్ము పట్టిన తువ్వాలుతో మొహం తుడుచుకున్నాడు. "ఊరంతా నన్ను దొంగ అని చెప్పినాడు కదా, చెప్పుకోనీలే అని నేను గూడా ఊరుకుంటి."

ఇద్దరి పేర్లతో పేజీ ఆయన సైటు మొదట్లోనే పెట్టాలనీ, అది ఆయన ఒప్పుకుంటేనే కుదురుతుందనీ చెప్పాను. చాలాసేపు విగ్రహం వైపు చూస్తూ కూర్చున్నాడు. మొహం చెక్కడానికి రెండుసార్లు ఉలి ఎత్తి దించేశాడట. "నేను చేస్తే ఆ ఊరోళ్లు గుడిలో పెట్టుకోరు" అన్నాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"పెట్టు. వాని పేరు పైన పెట్టు, నాది కింద పెట్టు."

అమ్మయ్య అనుకుని నంద్యాల వచ్చి పేజీ తయారుచేశాను. నాగాచారికి ఫోను చేసి సంగతి చెప్పి, బండల పనికి పోకుండా ఆగమన్నాను. "మా అన్న పెద్దోడు. నా పేరు పైన పెడితే జనం ఏమనుకుంటారు? కిందికి తియ్" అన్నాడు. తీశాను. అది చూసి వీరాచారి ఫోను. "నేనేం చెప్తి, నువ్వేం చేస్తివి?" మళ్లీ మార్చాను. మళ్లీ నాగాచారి. అన్నతో నేరుగా మాట్లాడవయ్యా అంటే, "ఆయనతో మాట్లాడి ఏడాదాయ, ఏమని మాట్లాడేది" అంటాడు. పక్కపక్కన పెడదామంటే ఫోను తెర మీద ఇద్దరి ఫొటోలూ పట్టవు. మూడు రోజులు ఆ రెండు పేర్లను పైకీ కిందికీ మార్చాను. రిజల్ట్స్ రోజున కూడా నేనంత విసిగిపోలేదు. చివరికి, ఇద్దరూ కలిసి వచ్చి నా ఎదురుగా కూర్చుని చెబితే తప్ప ఆ ఫైలు ముట్టనని ఇద్దరికీ చెప్పి ఫోను ఆపేశాను.

మర్నాడు పొద్దున బండి చప్పుడు విని కిందికి చూశాను. నాగాచారి బండి తోలుతున్నాడు. వెనక వీరాచారి కూర్చుని ఉన్నాడు. ఒళ్లో తమ్ముడి ఉలుల సంచి. ఇద్దరూ మెట్లెక్కి వచ్చారు కానీ కూర్చోలేదు.

"ఊఁ, ఇప్పుడు చెప్పండి. ఎవరి పేరు పైన?" అన్నాను, కీబోర్డు ముందుకు లాక్కుని.

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు.

"ఏదో ఒకటి పెట్టు మేడమ్," అన్నాడు నాగాచారి. "ఇట్లే మా అన్న షెడ్డుకు పోవాల. అమ్మవారి మొహం పని ఉండాది."